పెట్రోలా, కరెంటా, సుక్కా

గృహోద్యాన పరికరాల పరీక్షా కేంద్రం వారు ఏ విషయాన్నీ తొందరపడి తేల్చరు. మొక్కలకు నీళ్లు పోసే డబ్బాకు పిడి ఎటువైపు ఉండాలో తేల్చడానికి నాలుగేళ్లు తీసుకుని, చివరికి 'పోయువారి చేతివైపు' అని నివేదిక ఇచ్చిన ఘనత వారిది. ఆ నివేదిక అట్ట మీద డబ్బా బొమ్మ ఉంటుంది గాని, డబ్బాకు పిడి ఉండదు. అట్ట అచ్చుకు వెళ్లేనాటికి విషయం ఇంకా పరిశీలనలో ఉంది మరి.

విజయనగరం దాటాక రోడ్డు దిగి రెండు కిలోమీటర్లు లోపలికి పోతే, జీడితోటల మధ్య ఉంటుందా కేంద్రం. ఇంటితోటల పరికరాలను పరీక్షించాలంటే ముందు ఇంటితోటలు ఉండాలి గనక, అధికారుల పన్నెండు క్వార్టర్ల ముందూ పన్నెండు లాన్లు పెంచారు. ఇరవై రెండేళ్లుగా వాటిని కోస్తున్నవాడు అసిరయ్య. కొడవలి పట్టుకుని, గొంతుక్కూర్చుని, ఒకటో నంబరు ఇంటి దగ్గర సోమవారం మొదలుపెడితే పన్నెండో నంబరు ముగిసేసరికి మళ్లీ సోమవారం వచ్చేది. ఈలోగా ఒకటో నంబరు దగ్గర గడ్డి మళ్లీ లేచి కూర్చునేది. అందుచేత అసిరయ్యకు ఎప్పుడూ చేతినిండా పని. ఆ కేంద్రంలో ఈ మాట గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పగలిగిన ఉద్యోగి అతనొక్కడే.

కోసిన గడ్డి అసిరయ్యది. ఎప్పుడో మొదటి డైరెక్టరుగారు "ఆ చెత్త నువ్వే పట్టుకుపోవయ్యా" అన్నారు. ఆ మాటకు కాగితం లేదు, నంబరు లేదు, అయినా ఇరవై రెండేళ్లు నడిచింది. గడ్డి మోపు వెనక గేటు దాటి అసిరయ్య పాకకు వెళ్లేది. అక్కడ సుక్క తినేది. సుక్క అంటే నుదుట రూపాయంత తెల్లమచ్చ ఉన్న గేదె. సుక్క పాలు అసిరయ్య పెళ్లాం ఎర్నమ్మ చేతుల మీదుగా మళ్లీ అదే గేటులోంచి క్వార్టర్లకు వచ్చేవి. మొదటి చెంబు డైరెక్టరు పరాంకుశంగారిది. కాఫీ విషయంలో ఆయన చాలా నిక్కచ్చి మనిషి.

ఆ శ్రావణంలో మాత్రం పాలు లేవు. సుక్క వట్టిపోయింది, సూడిది. కార్తీక పున్నానికి అటూ ఇటూగా ఈనుతుందని ఎర్నమ్మ అంచనా. పరాంకుశంగారు ప్యాకెట్ పాల కాఫీ మింగలేక మింగుతూ, ఎర్నమ్మ కనబడితే చాలు "ఇంకా ఎన్నాళ్లు?" అని అడిగేవారు. ఆమె వేళ్లు ముడిచి చెప్పేది.

సరిగ్గా అప్పుడే ప్రధాన కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. ఇంటితోటలున్నవారు గడ్డి కోసే యంత్రం కొనాలంటే పెట్రోలుది కొనాలా, కరెంటుది కొనాలా అని తికమక పడుతున్నారట. తొంభై రోజుల్లో తేల్చి చెప్పాలట.

సమావేశం జరిగింది. అధ్యయన సంఘానికి కన్వీనరుగా డాక్టర్ మృణాళినిని వేశారు. ఆవిడ రంపపు పళ్ల అరుగుదల మీద పరిశోధన చేసిన మనిషి. పనంటే ప్రాణం. ఏడేళ్లుగా తన వంతు పరిశోధన కోసం ఎదురుచూస్తూ ఉండిపోయింది.

"ఇది సమగ్ర తులనాత్మక అధ్యయనం. ఊహలకు తావు లేదు. కంటికి కనబడిందీ, కొలతకు అందిందీ మాత్రమే నమోదు చేస్తాం" అందావిడ.

"సదరు విషయమై నాది కూడా అదే అభిప్రాయం" అన్నారు పరాంకుశంగారు.

నెల తిరక్కుండా రెండు యంత్రాలూ వచ్చాయి. పెట్రోలుది ఎర్రది, కరెంటుది ఆకుపచ్చది. స్టోర్‌ కీపర్‌ జోగారావు వాటికి తెల్లరంగుతో ఒకటి, రెండు అని నంబర్లు వేసి రిజిస్టరుకు ఎక్కించాడు. జోగారావు ఆ పక్క ఊరివాడే, అసిరయ్యకు చిన్ననాటి నుంచీ తెలిసినవాడే. రిజిస్టరు ముందు కూర్చుంటే మాత్రం కన్నతల్లినైనా గడిలో పట్టేంతే గుర్తుపడతాడు.

యంత్రాలు నడపడానికి సంఘంలో ఎవరూ ముందుకు రాలేదు. గడ్డి కోసేది గనక గడ్డి కోసేవాడే నడపాలని తీర్మానించి అసిరయ్యకు అప్పగించారు. కొడవలి స్టోరులో పెట్టించారు, అది ఉంటే పోటీ పక్షపాతంగా ఉంటుందని.

ఎర్రదాన్ని లేపడానికి తాడు లాగాలి. అసిరయ్య ఏడుసార్లు లాగాడు. ఎనిమిదోసారికి అది లేచి, పన్నెండు క్వార్టర్ల వాళ్లనూ లేపింది. వానకు తడిసిన గడ్డినైనా, మోకాలెత్తు గడ్డినైనా ఇట్టే నరికి పారేసేది. దానితోపాటు గులకరాళ్లను కూడా ఏరి నాలుగు దిక్కులకూ విసిరేది. అరగంట పట్టుకుంటే మరో అరగంట అసిరయ్య చేతులు వాటంతట అవే వణికేవి. ఆకుపచ్చది బుద్ధిమంతురాలు. మీట నొక్కితే పలుకుతుంది, పొగ లేదు, గోల లేదు, ఆడపిల్లయినా ఒంటిచేత్తో తోసుకుపోవచ్చు. కాకపోతే తడిగడ్డి దగ్గర మొరాయిస్తుంది. దాని వైరు పన్నెండు మీటర్లు, లాన్ పద్దెనిమిది. దీనికి సంఘం ఒక పూటంతా చర్చించి, ఇకమీదట లాన్ అంటే పన్నెండు మీటర్లని నిర్వచనం మార్చుకుంది. మిగిలిన ఆరు మీటర్లలో ఉన్నది గడ్డే అయినా లాన్ కాదు.

రెండో వారం నుంచి కరెంటు కోతలు మొదలయ్యాయి. పరీక్ష ఆపడానికి వీల్లేదు గనక, కోత సమయంలో కూడా మృణాళిని కొలతలు తీసింది. కరెంటు లేనప్పుడు ఆకుపచ్చ యంత్రం చప్పుడు సున్నా, పొగ సున్నా, నడిపేవాడికి ప్రమాదం సున్నా. అన్ని గడుల్లోనూ పూర్తి మార్కులు పడ్డాయి. ఇది అన్యాయమని ఎర్రదాన్ని సమర్థించే సభ్యులు లేచారు. న్యాయం కోసం దాన్ని కూడా పెట్రోలు లేకుండా పరీక్షించారు. దానికీ పూర్తి మార్కులే వచ్చాయి.

ఈ గొడవంతా అసిరయ్యకు వినోదంగానే ఉండేది, గడ్డి సంగతి లేకపోతే. కోసిన గడ్డి ఇప్పుడు చెత్త కాదు, పరీక్షా నమూనా. తూకం వేసి, గోతాల్లో కుట్టి, స్టోరులో భద్రపరచాలి. మొదటిరోజు అలవాటు చొప్పున ఒక గోతాం భుజాన వేసుకుని పోబోతే, జోగారావు గేటు దగ్గర ఆపాడు.

"తొంబై రోజులు ముట్టుకోకూడదు, అసిరయ్యా."

"తొంబై రోజులకి కుళ్లిపోద్ది కదా బాబూ."

"కుళ్లనీ. కుళ్లింది కూడా నమూనాయే."

జాలిపడి ఓ గుప్పెడు మాత్రం ఇచ్చాడు. అది గడ్డిలా లేదు, నూరినట్టుంది. ఎర్నమ్మ అరచేతిలో పోసుకుని వాసన చూసింది.

"ఏటిది మావా, తేయాకా? పెట్రోలు కంపు కొడతన్నాది."

సుక్క ముట్టె దగ్గరకు పెట్టి ఒక్క బుస కొట్టింది. తేయాకంతా ఎర్నమ్మ మొహాన పడింది.

"నిండు సూడిది. ఎండుగడ్డి ఎట్టి ఈనమంటే ఎలగీనుద్ది?" అంది ఎర్నమ్మ కళ్లు తుడుచుకుంటూ. ఎర్నమ్మ ఏడ్చే మనిషి కాదు, కళ్లలో గడ్డి పడింది. అసిరయ్యకే ఏడుపు వచ్చింది. సుక్కను దూడగా ఉన్నప్పుడు సంతలో కొని, జబ్బు చేసి లేవలేకపోతే భుజాల మీద మోసుకొచ్చి బతికించుకున్నాడు. దాని డొక్కలు లెక్కపెట్టగలిగే రోజు చూడవలసి వస్తుందని అతను అనుకోలేదు.

సుక్క మాత్రం ఏడవలేదు. ఒకనాటి పొద్దున్నే కట్టుతాడు తెంపుకుని, వెనక గేటు తోసుకుని, తిన్నగా ఏడో నంబరు లాన్‌లోకి వచ్చేసింది.

అసిరయ్య పరుగెత్తుకొచ్చేసరికి ఆలస్యమైపోయింది. రాత్రంతా వాన పడింది. ఆకుపచ్చది తడిగడ్డి ముట్టనని పడుకుంది. ఎర్రదానికి ప్లగ్గులో నీళ్లు దిగాయి. మృణాళిని గొడుగు పట్టుకుని, రెండు చచ్చిన యంత్రాల మధ్య దిగులుగా నిలబడి ఉంది. ఆవిడ కళ్లెదుట సుక్క ఆ చివర నుంచి ఈ చివరకు వరస తప్పకుండా మేసుకుంటూ వస్తోంది. వైరు అందని ఆ ఆరు మీటర్లతో సహా.

"ఏమిటిది?" అందావిడ.

"గేదండమ్మా. నాదేనండి. తప్పయిపోనాది, తోలీసుకుపోతాను."

"ముట్టుకోకు."

ఆవిడ స్కేలు తీసి వంగింది. గడ్డి ఎక్కడ కొలిచినా ఒకటిన్నర అంగుళం. చప్పుడు కొలిచే పరికరం పెడితే ముల్లు కదల్లేదు. తడిగడ్డిలో ఇంత సమానంగా కోసింది ఇంతవరకు లేదు. ఆవిడ మొహం వెలిగిపోవడం అసిరయ్య చూశాడు. ఏడేళ్లు ఎదురుచూసిన మనిషి మొహం అది.

"కంటికి కనబడిందీ, కొలతకు అందిందీ నమోదు చేస్తాం" అని ఆవిడ తనలో తాను అనుకుంది.

సాయంత్రానికి జోగారావు తెల్లరంగు డబ్బాతో వచ్చి సుక్క డొక్క మీద మూడు వేశాడు. ఎర్రదాని మీద కన్నా నల్లటి ఒంటి మీద అంకె ముచ్చటగా కనబడుతోందని సంబరపడ్డాడు కూడా. రిజిస్టరులో 'గడ్డి కోయు యంత్రం, స్వయంచాలకం, నాలుగు కాళ్లది, నల్లది, 1' అని రాసుకున్నాడు.

"జోగారావు బాబూ, నీకు తెలీదా అది గేదని?" అన్నాడు అసిరయ్య.

"నాకు తెలుసు. రిజిస్టరుకి తెలీదు. ఇది పరికరాల రిజిస్టరు, గేదెకి ఇందులో గడి లేదు."

"సూడిదని కూడా రాసుకో బాబూ, పున్యముంటాది."

"దానికి అసలే లేదు."

నిజం చెప్పాలంటే మొదటి వారం అసిరయ్య బాధపడలేదు. దేవుడు ఉన్నాడనుకున్నాడు. సుక్క రోజుకొక లాన్ చొప్పున పచ్చగడ్డి మేస్తోంది, మేయించడం అతని ఉద్యోగమైంది. ఎర్నమ్మ కూడా "మీ దొరలు మంచోలే" అంది. చిక్కంతా ఏడో రోజు సాయంత్రం వచ్చింది. సుక్కను ఇంటికి తోలుకుపోతుంటే మళ్లీ జోగారావే గేటు దగ్గర ఆపాడు. పరీక్ష ముగిసేవరకు పరికరం ఆవరణ దాటరాదట. ఇన్నాళ్లూ దాటినందుకు సంజాయిషీ కూడా రాసివ్వాలట. సుక్కను షెడ్డులో ఎర్రదానికీ ఆకుపచ్చదానికీ మధ్య కట్టేశారు. ఎర్నమ్మ కుడితి పట్టుకొస్తే, బయటి ద్రవాలు పోస్తే ఫలితాలు తారుమారవుతాయని వెనక్కి పంపారు.

పరీక్షలు జోరందుకున్నాయి. లేపడానికి ఎర్రదానికి ఎనిమిది లాగుళ్లు పడితే, మూడోదానికి 'హెయ్' అన్న ఒక్క మాట చాలింది. వెనక్కి నడిచే సౌకర్యం లేదు, తిట్టినా నడవలేదు. నాలుగు గంటలు పని చేశాక రెండు గంటలు నీడలో కూర్చుంటుంది. దీన్ని చల్లబడే వ్యవధి అన్నారు. ఆ వ్యవధిలో కూడా కోసిన గడ్డిని లోపలి నుంచి తెప్పించుకుని రెండోసారి నూరుతుంది, ఈ ఏర్పాటు మిగతా రెండింటిలోనూ లేదని మృణాళిని ఎర్రసిరాతో గీత గీసింది. మిగతావాటికి గడ్డి సంచి నిండితే మనిషి ఖాళీ చేయాలి. ఇది తానే ఖాళీ చేసుకుని, లాన్‌కు ఎరువు కూడా వేసి వెళ్తోంది. పూలమడుల అంచుల దగ్గర మాత్రం కచ్చితత్వం తక్కువ. డైరెక్టరుగారి భార్య పెంచుకున్న చేమంతుల వరస ఒకటి నివేదికలో నష్టాల కింద చేరింది.

కోత పళ్లను పరీక్షించాలన్నప్పుడు సుక్క నోరు అసిరయ్యే తెరిచి పట్టుకున్నాడు. మృణాళిని టార్చి వేసి చూసి ఉలిక్కిపడింది.

"ముందు పైవరస పళ్లు లేవు."

"గేదెలకి ఉండవండమ్మా."

"తయారీ లోపం" అని రాసుకుంది.

ఆవిడకు అంతుపట్టనిది ఒకటే. పని చేసిన కొద్దీ యంత్రం బరువు తగ్గాలి, ఇంధనం ఖర్చవుతుంది గనక. మూడోది వారం వారం పెరుగుతోంది. తూకం యంత్రాన్ని రెండుసార్లు బాగుచేయించారు. అసిరయ్య తలపాగా తీసి చేత పట్టుకుని ఇరవయ్యోసారి చెప్పాడు.

"సూడిదండమ్మా. నెల తిరక్కుండా ఈనేస్తాది. ఇంటికి తోలీసుకుపోనివ్వండి."

"ఊహలకు తావు లేదయ్యా" అందావిడ, దయగానే.

ఇక డైరెక్టరుగారే దిక్కని అసిరయ్య ఆయన గదికి వెళ్లాడు. పరాంకుశంగారు ప్యాకెట్ పాల కాఫీ ముందు పెట్టుకుని దాని వంక చూస్తున్నారు.

"బాబుగోరూ, సుక్క సూడిదని తవరికి తెలుసు. రోజూ మా ఆడదాన్ని అడుగుతుంటారు కూడాను."

పరాంకుశంగారు కుర్చీలో సర్దుకున్నారు. "తెలుసయ్యా. క్వార్టర్లో తెలుసు. ఇది ఆఫీసు. క్వార్టర్లో తెలిసింది ఆఫీసులో తెలిసినట్టు కాదు. తగు మార్గంలో కాగితం మీద రావాలి."

కాగితం అంటే దరఖాస్తు. జోగారావు ఫారం తీసి దగ్గర కూర్చుని నింపడం మొదలుపెట్టాడు. కొన్న రసీదు లేదు. మోడల్ నంబరు లేదు.

"తయారీదారు పేరు?"

అసిరయ్య ఆలోచించాడు. "దేవుడని రాయి బాబూ."

"చిరునామా కూడా రాయాలి" అన్నాడు జోగారావు. ఫారం మడిచి సొరుగులో పెట్టేశాడు.

ఆ వారంలోనే ఫలితాలు పోగయ్యాయి. పెట్రోలుదానికి అరవై ఒకటి, కరెంటుదానికి అరవై మూడు, మూడోదానికి తొంభై నాలుగు. ప్రధాన కార్యాలయం వారి ఆనందానికి మేర లేకుండా పోయింది. వెంటనే ఉత్తరం వచ్చింది. నెగ్గిన యంత్రాన్ని గురువారం లారీ ఎక్కించి రాజధానికి పంపవలెనట, అక్కడ నిబంధనల ప్రకారం తుది పరీక్ష జరుగునట.

"తుది పరీచ్చంటే ఏటి బాబూ?" అసిరయ్య జోగారావును అడిగాడు.

జోగారావు ఎటో చూస్తూ చెప్పాడు. "నెగ్గినదాన్ని విప్పుతారు. లోపలి భాగాలు కొలుస్తారు. మళ్లీ బిగిస్తారు."

అసిరయ్య అడిగాడు. "బిగించగలరా?"

"నీళ్ల డబ్బాని విప్పినప్పుడే బిగించలేకపోయారు" అన్నాడు జోగారావు. ఆ మాట అన్నాక అతనూ ఆ పూట అన్నం తినలేదు.

గురువారం పొద్దున పదింటికి లారీ వచ్చింది. లారీతోపాటు ప్రధాన కార్యాలయం నుంచి సరుకు తనిఖీ అధికారి వచ్చారు. సన్నగా, పొడుగ్గా, చంకలో రిజిస్టరుతో ఉన్నారాయన. ఏడో నంబరు లాన్‌లో చిన్న షామియానా వేశారు. సుక్క కొమ్ములకు బంతిపూల దండ కట్టారు. సంఘం వారంతా వరసగా కుర్చీల్లో కూర్చున్నారు. ఎర్నమ్మ సందర్శకుల పాసు మీద వచ్చి కంచె పక్కన నిలబడింది.

సుక్క నిలవడం లేదు. పడుకుంటోంది, లేస్తోంది, తోక ఎత్తుతోంది. అసిరయ్య ఎర్నమ్మ వంక చూశాడు. ఎర్నమ్మ తల ఊపింది. ఈ స్థితిలో లారీ ఎక్కిస్తే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు.

పరాంకుశంగారు ఉపన్యాసం మొదలుపెట్టారు. "ఈ శుభ సందర్భమున, గృహోద్యాన రంగంలో ఒక నూతన అధ్యాయమునకు..."

"బాబుగోరూ, ఒక్క గంట ఆగండి" అన్నాడు అసిరయ్య.

"తదుపరి చర్యకు అంతరాయం కలిగించరాదు. యంత్రాన్ని లారీ ఎక్కించండి" అన్నారు తనిఖీ అధికారి.

అసిరయ్య తాడు పట్టుకుని సుక్కకు అడ్డంగా నిలబడ్డాడు. ఇరవై రెండేళ్లలో ఎవరికీ ఎదురు చెప్పని మనిషి.

"ఎక్కించనండి" అన్నాడు.

అందరూ అతని వైపు తిరిగారు. తనిఖీ అధికారి ఇంకేదో అనబోయారు గాని, అనవలసిన అవసరం లేకపోయింది. సుక్క పడుకుని ఒక్క మూలుగు మూలిగింది. ఎర్నమ్మ పాసూ గీసూ చూడకుండా కంచె దాటి పరుగెత్తుకొచ్చింది. మొగుడూ పెళ్లాలిద్దరూ మోకాళ్ల మీద కూలబడ్డారు. పావుగంటలో నూతన అధ్యాయం గిట్టలతో సహా లాన్ మీద పడింది.

ఎర్నమ్మ కొంగుతో దూడ ముక్కు తుడిచింది. సుక్క తల తిప్పి నాకడం మొదలుపెట్టింది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. ఇక్కడ గేదె నిజంగా ఈనితే ఏం చెయ్యాలో ఒక్కరికీ తెలియలేదు.

మొదట తేరుకున్నది తనిఖీ అధికారి. ఆయన రిజిస్టరు తెరిచి, వేలు పెట్టి చదివి, తల ఎత్తి లెక్క పెట్టి, మళ్లీ చదివారు.

"రిజిస్టరు ప్రకారం ఒకటి. నేల మీద రెండు" అన్నారు. "తక్కువైతే నేను అర్థం చేసుకోగలను. ముప్పై ఏళ్ల సర్వీసులో ఎన్నో తక్కువలు చూశాను. ఎలుకలని రాశాను, చెదలని రాశాను. ఎక్కువను ఇంతవరకు చూడలేదు. ఎక్కువ ఎక్కడి నుంచి వచ్చిందో సమాధానం కావాలి."

వచ్చిన చోటు అందరూ చూశారు. చెప్పడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు.

"దీన్ని అదనపు విడిభాగంగా నమోదు చేయవచ్చు" అంది మృణాళిని నెమ్మదిగా.

"విడిభాగం లేచి నిలబడదు, మేడమ్."

దూడ అప్పుడే ముందుకాళ్లు మడిచి, వెనక భాగం ఎత్తి, ఊగిసలాడి, పడి, మళ్లీ లేచింది. తనిఖీ అధికారి రెండడుగులు వెనక్కి వేశారు.

"ఈ కేంద్రానికి యంత్రాలను పరీక్షించే అధికారమే ఉంది, డైరెక్టరుగారూ. తయారుచేసే అధికారం లేదు. మీరు పరీక్షల ముసుగులో ఆవరణలో యంత్రాలు తయారుచేస్తున్నారని రాయమంటారా? పైగా నిద్ర లేచేసరికి మరొకటి తయారు కాదని హామీ ఏమిటి?"

పరాంకుశంగారి పింఛనుకు ఏడాదిన్నర ఉంది. ఆయన జోగారావు వైపు చూశారు, జోగారావు రిజిస్టరు వైపు చూశాడు.

"అయ్యా, దారి ఒకటుంది" అన్నాడు జోగారావు. "మూడో పద్దు పొరపాటున ఎక్కింది, అది అసలు యంత్రమే కాదు అని కొట్టేస్తే, ఒకటీ ఉండదు, రెండూ ఉండదు."

"యంత్రం కాకపోతే మరేమిటి?"

"అది ధ్రువీకరించాలండి. విషయం తెలిసిన అధికారి."

తనిఖీ అధికారి సంఘం వైపు తిరిగారు. "మీలో ఎవరికైనా ఇది ఏమిటో చెప్పే అర్హత ఉందా?" వరసలో కూర్చున్న ఆరుగురూ డాక్టర్లే. ఒకరిది పిడుల మీద పరిశోధన, ఒకరిది చక్రాల మీద, ఒకరిది నీటి తుంపర్ల మీద. తమ పరిధి దాటి ఏ శాస్త్రజ్ఞుడూ మాట్లాడడు గనక అందరూ తలలు వంచుకున్నారు.

దూడను గడ్డితో రుద్దుతున్న అసిరయ్య కింద నుంచే అన్నాడు. "నాకు తెలుసునండి. గేదండి."

"నీ అర్హత?"

"పాలు పితుకుతానండి."

తనిఖీ అధికారి జోగారావుతో "రాయండి" అన్నారు. జోగారావు జన్మలో అంత వేగంగా రాయలేదు. ఇందుమూలముగా ధ్రువీకరించడమేమనగా, ఏడవ నంబరు లాన్‌నందు నిలబడియున్నది గేదె. దాని పక్కన నిలబడుటకు ప్రయత్నించుచున్నది దూడ. రెండింటిలో ఏదియు ఈ కేంద్రమునకు చెందినది కాదు.

కలం అసిరయ్య చేతిలో పెట్టారు. అందరి చూపూ ఆ కలం మీదే ఉంది. అసిరయ్య సంతకం పెట్టబోయి ఆగాడు. ఎర్నమ్మ అతని మోచేతి మీద చిన్నగా పొడిచింది.

"బాబుగోరూ, కోసిన గడ్డి నాదేనని పాత డైరెట్రుగోరు నోటిమాటన సెప్పినారు. తవరి కాగితం మాటెంత గొప్పదో ఈ మూడు నెల్లలో సూసినానండి. నాకూ ఓ కాగితం రాసిచ్చీండి. నా కొడవలి కూడా ఇప్పించీండి."

పరాంకుశంగారు అక్కడికక్కడే రాసి, సంతకం పెట్టి, ముద్ర తెప్పించి వేశారు. అప్పుడు అసిరయ్య సంతకం పెట్టాడు. ఇరవై రెండేళ్లలో ఆ కేంద్రంలో అతను పెట్టిన మొదటి సంతకం అది. ఆ కేంద్రం ఒక్క పూటలో తేల్చిన మొదటి విషయం కూడా అదే.

సుక్క తన దూడను వెంటేసుకుని వెనక గేటు దాటింది. గేటు దగ్గర జోగారావు నిలబడి ఉన్నాడు గాని, ఈసారి గొళ్లెం తనే తీశాడు. లారీ ఖాళీగా వెనక్కి పోయింది. మృణాళిని మాత్రం గేటు వరకు వచ్చి, దూడ వంక చాలాసేపు చూసి, "బరువు సంగతి ఇప్పుడు అర్థమైంది" అని నిజంగా సంతోషపడింది. ఆమెను చూసి ఎర్నమ్మ నవ్వింది. ఆ నవ్వులో కోపం లేదు.

తొంభయ్యో రోజున నివేదిక వెళ్లింది. చిన్న లాన్, దగ్గరలో ప్లగ్గు, పొడిగడ్డి ఉన్నవారికి కరెంటుది మేలనీ, పెద్ద లాన్, తడిగడ్డి, ఓర్చుకునే ఇరుగుపొరుగు ఉన్నవారికి పెట్రోలుది మేలనీ అందులో రాశారు. మూడో యంత్రం ఊసు ఎక్కడా లేదు. అట్ట మీద లాన్ బొమ్మ వేశారు. మూల నుంచి మూలకు ఒకటిన్నర అంగుళం ఎత్తున ఒక్కలాగే ఉందది. ఏ యంత్రంతో కోశారో చెప్పలేదు.

ఈనిన మూడో రోజు ఎర్నమ్మ పన్నెండు ఇళ్లకూ జున్ను పంచింది. పరాంకుశంగారు గిన్నె ఖాళీ చేసి, చెంచా నాకి, మారు వడ్డన అడిగారు. క్వార్టర్లోనే అడిగారు, ఆఫీసులో కాదు.

యంత్రాలు రెండింటినీ జోగారావు స్టోరులో ఒకే టార్పాలిన్ కింద పెట్టించాడు. నెల తిరిగాక ఒకనాటి మధ్యాహ్నం అతను రొప్పుకుంటూ ఒకటో నంబరు లాన్ దగ్గరకు పరుగెత్తుకొచ్చాడు. అసిరయ్య గొంతుక్కూర్చుని కొడవలితో కోస్తున్నాడు.

"అసిరయ్యా, మీ ఎర్రకోడి వచ్చి ఆ ఎర్రమిషను సంచిలో పొదుగుతోంది. తొమ్మిది గుడ్లున్నాయి. రేపు తనిఖీ. దండం పెడతాను, పిల్లలు కాకముందే పట్టుకుపో."